జీరో విమాన శిథిలాలు ఎక్కడెక్కడ మిగిలాయి? అందులో అసలుది ఎంత?

టోక్యో బాటసారి | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను. ఈ రోజు పిల్లవాడిని తీసుకుని ఇబారకిలోని చికుసెయి వెళ్లాను. అక్కడి విమాన మ్యూజియంలో వైఎస్-11 ప్రయాణికుల విమానం చూడాలని వాడి కోరిక. వాడు దాని దగ్గర, నేను పక్కనే ఉన్న రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ జీరో యుద్ధవిమానం దగ్గర ఆగిపోయాం. ఈ జీరో ఒకప్పుడు ఉయెనోలోని జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ఉండేదట.

నా సందేహం ఏమిటంటే, జీరోకు ఒకే సీటు ఉంటుందని చిన్నప్పటి నుంచీ చదివాను. దీనికి మాత్రం ముందొకటి, వెనకొకటి రెండు సీట్లున్నాయి. సముద్రంలోంచి తీశారని రాసి ఉంది. శిక్షణ విమానమా? ఇలాంటివి ప్రపంచంలో ఇంకా ఎన్ని మిగిలాయి? సెలవుల్లో జపాన్‌లో ఉన్నవన్నీ చూసి రావాలని ఉంది. దారి చెప్పండి.

రేకుల మేస్త్రి | శనివారం, రాత్రి 10.25

శిక్షణ విమానం కాదు. మీరు చూసింది జీరోలన్నిటిలోకీ విచిత్రమైనది.

1944 ఫిబ్రవరిలో పసిఫిక్ సముద్రంలోని ట్రక్ దీవుల మీద అమెరికన్లు విరుచుకుపడ్డాక, జపాన్ నౌకాదళం న్యూ బ్రిటన్ దీవిలోని రబౌల్‌లో ఉన్న తన విమాన దళాలను వెనక్కి రప్పించుకుంది. మెకానిక్కులు అక్కడే మిగిలిపోయారు. కొత్త విమానాలు రావు, విడిభాగాలు రావు. చుట్టూ ఉన్నవి విరిగినవి, కాలినవి, బాంబు గుంటల్లో పడినవి. ఆ కుప్పలోంచి ఒకదాని రెక్క, మరోదాని తోక, ఇంకోదాని ఇంజన్ తెచ్చి అతికి, మళ్లీ ఎగిరేలా చేశారు. అలా అతికినవాటిలో ఒకదానికి పైలట్ వెనక ఇంకో మనిషి కూర్చునే చోటు చేసి నిఘాకు వాడారు. అదే మీరు చూసింది. 1972లో అదే దీవిలో కేప్ లాంబర్ట్ దగ్గర నీళ్లలోంచి తీశారు.

నలభై ఏళ్లు విమానాల రేకు పని చేసినవాణ్ని. ఏ సదుపాయమూ లేని అడవిలో, పైన బాంబులు పడుతుండగా వాళ్లు చేసిన ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. యుద్ధం సంగతి వేరు, పనితనం సంగతి వేరు.

నిక్కచ్చి | శనివారం, రాత్రి 11.10

మేస్త్రి గారి పనితనం మాట కాదనను. కానీ ప్రశ్న శీర్షికలోనే ఉంది కదా, అసలుది ఎంత? నాలుగు విమానాల ముక్కలు కలిపితే అది ఏ విమానం? ఈ మధ్య ‘పునరుద్ధరించిన’ అనే మాట మరీ చవకైపోయింది. అడవిలో దొరికిన గుర్తింపు పలక ఒకటి, వంగిన నాలుగు ఫ్రేములు, వాటి చుట్టూ నిరుడు తయారైన రేకు. బోర్డు మీద మాత్రం 1942. తాతగారి గొడ్డలికి పిడి రెండుసార్లు, తల ఒకసారి మార్చి, ఇది తాతగారి గొడ్డలే అన్నట్టుంది.

గుంటూరు గరుడ | ఆదివారం, ఉదయం 7.15

తత్త్వ విచారణ తర్వాత, ముందు ఇది చూడండి! పోయిన వేసవిలో అమెరికాలో మా అక్కయ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు విమాన ప్రదర్శనలో తీసిన ఫొటో. అచ్చమైన జీరో, కళ్ల ముందు ఎగిరింది. రెక్కల మీద ఎర్ర సూర్యుడు ఎంత స్పష్టంగా ఉన్నాడో చూడండి.

నిక్కచ్చి | ఆదివారం, ఉదయం 7.32

సూర్యుడు స్పష్టంగానే ఉన్నాడు గరుడ గారూ. విమానమే జీరో కాదు. అది అమెరికన్ టెక్సన్ శిక్షణ విమానం. మన వాయుసేన హార్వర్డ్ పేరుతో వాడినదే. 1970లో విడుదలైన ఒక యుద్ధ సినిమా కోసం వాటికి వేషం మార్చి జీరోలుగా చూపించారు. అప్పటి నుంచి ప్రదర్శనల్లో ఆ వేషంతోనే తిరుగుతున్నాయి. రెక్కను పైనుంచి చూడండి: ముందు అంచు వెనక్కి వాలి ఉంటుంది, వెనక అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. జీరో రెక్క అలా ఉండదు.

గుంటూరు గరుడ | ఆదివారం, ఉదయం 7.50

ఏడాదిగా ఆఫీసులో నా బల్ల మీద ఈ ఫొటోయే ఉంది. ఇప్పుడు ఏం చేయను?

నారింజ తోట | ఆదివారం, ఉదయం 8.20

ఉంచండి, హార్వర్డ్ కూడా మంచి విమానమే :)

అసలు జీరో ఎగరడం చూడాలంటే మా వైపు రావాలి. కాలిఫోర్నియాలోని చినోలో ‘ప్లేన్స్ ఆఫ్ ఫేమ్’ మ్యూజియం ఉంది. అక్కడి ఏ6ఎం5 జీరో తోక మీద 61-120 అని ఉంటుంది. 1944 జూన్‌లో సైపాన్ దీవిని గెలుచుకున్నప్పుడు అమెరికన్లకు విమానాశ్రయంలో దొరికింది. శిథిలం కాదు, చేతికి చిక్కిన విమానం. కోపాహీ అనే ఓడ మీద అమెరికా తెచ్చి పరీక్షలు చేశారు. ఇప్పుడు ఎగురుతున్న జీరోల్లో నకాజిమా సకాయె ఇంజన్‌తోనే ఎగిరేది ఇదొక్కటే. మిగిలినవాటికి అమెరికన్ ఇంజన్లు బిగించారు.

రెండుసార్లు దగ్గర నుంచి విన్నాను. ముందు నాలుగైదు దగ్గులు, ముక్కు కింద నుంచి నీలి పొగ, కాలిన నూనె వాసన. తర్వాత శబ్దం నిలకడకు వస్తుంది. పక్కన నిలబడిన ముస్టాంగ్ గర్జిస్తుంటే ఇది కుట్టుమిషన్‌లా సన్నగా, తొందరగా పలుకుతుంది. ఆ మ్యూజియంలోనే రైడెన్ కూడా ఉంది. అమెరికన్ల బీ-29 బాంబర్లను అడ్డుకోవడానికి వాడిన పొట్టి, లావు యుద్ధవిమానం. ఆ రకంలో లోకంలో మిగిలింది అదొక్కటే.

టోక్యో బాటసారి | ఆదివారం, ఉదయం 9.05

మిగిలినవాటికి అమెరికన్ ఇంజన్ ఎందుకు? సకాయె ఇంజన్లు దొరకవా?

రేకుల మేస్త్రి | ఆదివారం, ఉదయం 10.40

దొరుకుతాయి, కానీ చాలావరకు గడ్డకట్టిన ఇనుప ముద్దల్లా. లోపలి భాగాలు చేసేవాళ్లు ఎవరూ లేరు. ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 కూడా సకాయె లాగే రెండు వరుసల్లో పద్నాలుగు సిలిండర్లున్న ఇంజన్, కొలతలూ దగ్గరగా ఉంటాయి. డకోటా విమానానికి ఉండేది అదే. కాబట్టి భాగాలకు కొదవ లేదు, విప్పి బిగించడం తెలిసినవాళ్లూ ఉన్నారు.

నిక్కచ్చి గారి ప్రశ్నకు వస్తాను. జీరో బరువు తగ్గించడానికి సుమిటోమో వాళ్లు 1936లో కనిపెట్టిన కొత్త అల్యూమినియం మిశ్రమాన్ని రెక్క దూలాలకు వాడారు. జింకు పాలు ఎక్కువ, బలం ఎక్కువ, బరువు తక్కువ. కానీ దానికి లోలోపల తినేసే జబ్బుంది. పైకి దూలం నిండుగానే కనిపిస్తుంది. అంచు దగ్గర గోరుతో గీరితే పూతరేకులా పొరలు పొరలుగా విడిపోతుంది. ఆత్రేయపురం పూతరేకు అనుకోండి, తినలేం, అంతే తేడా. ఉప్పునీళ్లలో, ఉష్ణమండలపు చిత్తడిలో ఎనభై ఏళ్లున్న అలాంటి దూలం మీద మనిషిని కూర్చోబెట్టి ఎగరేస్తే అది హత్య. ఎగరాలంటే దూలం కొత్తది వేయాల్సిందే. పాతది నమూనాగా పనికొస్తుంది: ఎక్కడ రంధ్రం, ఎంత దూరానికి రివెట్, అంచు ఎంత మడత అన్నీ దాని మీదే రాసి ఉంటాయి.

ఇంకో చిక్కు. జీరోకు రెక్క, కాక్‌పిట్ ఉన్న ముందు భాగం ఒకే కట్టుబడి. కాక్‌పిట్ వెనక బోల్టులు విప్పితే తోక భాగం ఊడి వస్తుంది కానీ, రెక్కను దాని మొదలు దగ్గర విప్పే వీలు లేదు. పన్నెండు మీటర్ల ముక్కను అడవిలోంచి ఎలా తెస్తారు? అందుకని చాలాచోట్ల రంపం పెట్టి రెక్కలు కోసేశారు. ఒక శిథిలంలో రెక్క మొదలు దగ్గర తిన్నటి కోత కనిపిస్తే, అది యుద్ధగాయం కాదని గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చినవాళ్ల పని.

వాల్తేరు అలలు | ఆదివారం, మధ్యాహ్నం 1.15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి కదా. మా నాన్నమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని బళ్ల మీద లోపలి పల్లెలకు పోయిందని చెప్పేది. ఆ విమానాలు జీరోలేనా? వాటిలో ఏదైనా ఎక్కడైనా మిగిలిందా?

నిక్కచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 2.30

మంచి ప్రశ్న. బాంబులు వేసినవి జీరోలు కావు, ముగ్గురు కూర్చునే బీ5ఎన్ దాడి విమానాలు. ‘ర్యుజో’ అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. వాటిలో ఏదీ మిగిలినట్టు నేను ఎక్కడా చదవలేదు.

కానీ అదే ర్యుజోకు ఇంకో కథ ఉంది, అది ఈ చర్చకే మూలం లాంటిది. బంగాళాఖాతం నుంచి వెళ్లిన రెండు నెలలకే ఆ నౌక ఉత్తరాన అలాస్కా దగ్గర తేలింది. 1942 జూన్ 4న డచ్ హార్బర్ మీద దాడికి వెళ్లిన దాని జీరోల్లో ఒకదాన్ని తదయోషి కొగా అనే యువకుడు నడిపాడు. నేల మీద నుంచి పేల్చిన గుండు తగిలి ఇంజన్ నూనె గొట్టం తెగింది. అకుటాన్ దీవిలో పచ్చగా, చదునుగా ఉన్న చోటు చూసి చక్రాలు దించి దిగాడు. అది గడ్డి నేల కాదు, బురద. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. కొగా మెడ విరిగి చనిపోయాడు. పైన తిరుగుతున్న తోడు పైలట్లకు ఉన్న ఆదేశం, విమానం శత్రువు చేతికి చిక్కకుండా కాల్చేయమని. మిత్రుడు బతికున్నాడేమో అనే అనుమానంతో వాళ్లు కాల్చలేకపోయారు. జూలైలో అటుగా పోతున్న అమెరికన్ కాటలీనా విమానం నుంచి ఎవరో దాన్ని చూశారు. సెప్టెంబరు కల్లా అది శాన్ డియేగోలో అమెరికన్ గుర్తులతో ఎగురుతోంది.

గుంటూరు గరుడ | ఆదివారం, మధ్యాహ్నం 2.48

అవునవును! దాన్ని చూసే కదా అమెరికన్లు హెల్‌క్యాట్ యుద్ధవిమానాన్ని తయారుచేశారు.

నిక్కచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 3.05

ఈ మాట వంద చోట్ల రాసి ఉంది, వంద చోట్లా తప్పే. హెల్‌క్యాట్ మొదటి నమూనా 1942 జూన్ 26న ఎగిరింది. అకుటాన్ జీరో కనిపించింది జూలై 10న. ఇక చూసి చేయడం ఎక్కడ? ఆ జీరో నేర్పింది వేరే సంగతి. వేగం పెరిగేకొద్దీ దాని నియంత్రణలు బిగుసుకుపోతాయి, పక్కకు దొర్లడం కష్టమవుతుంది. ముక్కును హఠాత్తుగా కిందికి తోస్తే కార్బురేటర్‌లో ఇంధనం అందక ఇంజన్ ఆగిపోతుంది. తరుముతున్న జీరో నుంచి ఎలా తప్పించుకోవాలో అమెరికన్ పైలట్లకు దీంతో తెలిసింది.

చివరికి 1945 ఫిబ్రవరిలో శాన్ డియేగోలో నేల మీద నడుస్తుండగా వెనక నుంచి వచ్చిన హెల్‌డైవర్ బాంబర్ ప్రొపెల్లర్ దాన్ని ముక్కలు చేసింది. ఇప్పుడు మిగిలినవి కాక్‌పిట్‌లోని కొన్ని కొలత పరికరాలు, చిన్నాచితకా ముక్కలు మాత్రమే. ర్యుజో 1942 ఆగస్టులోనే సాలమన్ దీవుల దగ్గర మునిగింది.

డార్విన్ శారద | ఆదివారం, సాయంత్రం 4.10

నూనె గొట్టం అనగానే మా ఊరి జీరో గుర్తొచ్చింది. 1942 ఫిబ్రవరి 19న డార్విన్ మీద పెద్ద దాడి జరిగింది. ఆ రోజు హజిమె తొయోషిమ అనే పైలట్ జీరోకు నూనె ట్యాంకులో గుండు తగిలి, మెల్విల్ దీవిలో చెట్ల మధ్య దిగింది. అంటే కొగా కంటే మూడున్నర నెలల ముందే, దాదాపు అదే జబ్బుతో. తివి జాతికి చెందిన మథాయస్ ఉలుంగురా అతన్ని పట్టుకున్నాడు. చేతిలో ఉన్న చిన్న గొడ్డలి పిడిని తుపాకీ గొట్టంలా ఆనించి చేతులెత్తించాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఆస్ట్రేలియా నేల మీద దొరికిన మొదటి జపాన్ యుద్ధఖైదీ అతనే. మారుపేరు చెప్పుకుని కౌరా ఖైదీల శిబిరంలో ఉన్నాడు. 1944 ఆగస్టు 5న అక్కడ ఖైదీలు తిరగబడినప్పుడు బాకా ఊదింది కూడా అతనే. ఆ రోజే చనిపోయాడు.

ఆ విమానం డార్విన్ విమాన మ్యూజియంలో ఉంది. కొత్తగా చేయలేదు. నలిగిన రేకు నలిగినట్టే, చిల్లులు చిల్లులుగానే. మా అమ్మాయి పాఠశాల పిల్లలతో వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. చిరిగిన చోట లోపలి వైపు వింత రంగు కనిపించింది. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు, గాజుగాజులా మెరుస్తోంది. అది తర్వాత వేశారా?

రేకుల మేస్త్రి | ఆదివారం, సాయంత్రం 4.45

శారదమ్మా, మీరు చూసింది అసలు పూత! దాన్ని అఓతకె అంటారు, పచ్చి వెదురు అని అర్థం. తుప్పు పట్టకుండా జపాన్ కర్మాగారాల్లో లోపలి రేకుకు వేసిన పారదర్శకమైన పూత. కింద లోహం మెరుపు పైకి కనిపించడం వల్ల గాజులా ఉంటుంది. తలుపుల వెనక, రెక్కల లోపల ఎండ తగలని చోట ఇది ఇప్పటికీ మిగులుతుంది. పునరుద్ధరించేవాళ్లకు దొరికే సాక్ష్యాల్లో ఇది చాలా విలువైనది. కొత్త రంగు దాని మీద పూసేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇక్కడ నిక్కచ్చి గారి పక్షమే నాది.

నిక్కచ్చి | ఆదివారం, సాయంత్రం 4.52

తేదీ రాసి పెట్టుకుంటున్నాను.

కోరంగి మనవడు | ఆదివారం, రాత్రి 8.30

అందరూ జీరో జీరో అంటున్నారు, హయబుస యుద్ధవిమానాన్ని మరిచిపోయారు. బర్మాలోని రంగంలో (రంగూన్‌లో) మనవాళ్ల మీదికి వచ్చింది జపాన్ సైన్యపు విమానాలు, నౌకాదళానివి కావు. రేవులో మూటలు మోసిన తెలుగువాళ్లను బర్మావాళ్లు కోరంగీలనే పిలిచేవారు. మా ముత్తాత వాళ్లలో ఒకరు. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక అరకాన్ దారిన నడిచి వచ్చారు. ఆ క్రిస్మస్ రోజున మళ్లీ వచ్చిన బాంబర్లకు కాపలాగా వచ్చినవి కటో అనే అధికారి దళపు కీ-43 హయబుసలు. అదే కటో 1942 మే 22న అక్యాబ్ దగ్గర బంగాళాఖాతంలో కూలిపోయాడు. కూల్చింది ఒక బ్లెన్‌హైమ్ బాంబర్ తుపాకీదారు. ఈ విమానాలు ఏవైనా మిగిలాయా?

రేకుల మేస్త్రి | ఆదివారం, రాత్రి 9.15

తక్కువ. అరిజోనాలోని పీమా మ్యూజియంలో ఒకటుంది. కురిల్ దీవుల్లో సోవియట్ కాలమంతా మంచులో పడి ఉన్న ముక్కల ఆధారంగా టెక్సస్‌లో ఒక బృందం కొన్నిటిని దాదాపు కొత్తగా కట్టింది. జపాన్‌లోని చియరాన్ మ్యూజియంలో ఉన్నది నమూనా బొమ్మ, మోసపోకండి. కానీ అదే చియరాన్‌లో అసలుసిసలు కీ-84 హయతె యుద్ధవిమానం ఉంది, లోకంలో అదొక్కటే. ఫిలిప్పీన్స్‌లో అమెరికన్లకు చిక్కి, కాలిఫోర్నియాలో బాగై, ఎగిరి, 1973లో జపాన్ వెళ్లింది. స్వదేశంలో సరైన సంరక్షణ లేక మళ్లీ ఎగిరే స్థితి పోగొట్టుకుంది. పరాయి దేశంలో బతికి, పుట్టింట్లో మంచం పట్టింది.

భాగ్యనగర్ బైనాక్యులర్ | సోమవారం, ఉదయం 6.50

మన దేశంలో చూడదగింది ఒకటుంది. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఓహ్కా. యుద్ధవిమానం కాదు, మనిషి లోపల కూర్చుని ఓడను ఢీకొట్టే రాకెట్ బాంబు. బాంబర్ కింద వేలాడదీసి తీసుకెళ్లి వదిలేవారు. దానికి చక్రాలు లేవు, కిందికి దిగే అవసరమే లేదు కాబట్టి. ఎంత చిన్నదో చూస్తేనే నమ్ముతారు. సీటు పక్కన నిలబడి నా భుజాలు కొలుచుకుని, వెంటనే బయటికి వచ్చేశాను.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 9.00

చర్చ బాగుంది. ఒక్క మనవి. న్యూ గినీలో, దీవుల్లో శిథిలం నుంచి ‘గుర్తుగా’ ముక్క తెచ్చుకునే మార్గం అడుగుతూ ఇద్దరు నాకు విడిగా రాశారు. వద్దు. పాపువా న్యూ గినీలో అవి ప్రభుత్వ ఆస్తి. చాలా చోట్ల లోపల మనిషి అవశేషాలు కూడా ఉంటాయి.

రేకుల మేస్త్రి | సోమవారం, ఉదయం 11.30

బాటసారి గారికి దారి చెప్పడం మరిచిపోయాం. నగోయా వైపు వెళితే మిత్సుబిషి వారి దగ్గర యాప్ దీవి నుంచి తెచ్చిన జీరో, హమమత్సులో గువామ్ నుంచి తెచ్చినది. కకమిగహరాలో హియెన్ యుద్ధవిమానం, దాని రంగంతా ఒలిచి లోహంతోనే నిలబెట్టారు, రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు. కురెలో బివా సరస్సులోంచి 1978లో తీసిన జీరో. తచియరాయిలో హకత అఖాతంలోంచి తీసిన కీ-27 యుద్ధవిమానం, దాని పక్కనే రెక్కల చివరలు నలుచదరంగా కోసినట్టున్న మోడల్ 32 జీరో. కవగుచికో దగ్గరి మ్యూజియం ఆగస్టులో మాత్రమే తెరుస్తారు, తేదీ చూసుకుని వెళ్లండి.

ఒక్కటే చూసే వీలుంటే మాత్రం షికోకు దీవిలోని ఐనాన్ వెళ్లండి. మిగతావి ఆగుతాయి.

టోక్యో బాటసారి | పన్నెండు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 10.05

మేస్త్రి గారి మాట మీద ఐనాన్ వెళ్లొచ్చాను. చాలా దూరం, బస్సులో పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కానీ వెళ్లాల్సిన చోటే.

అక్కడున్నది షిదెన్ కై యుద్ధవిమానం, జపాన్‌లో ఆ రకంలో మిగిలింది ఇదొక్కటే. 1978లో దగ్గరలోని అఖాతంలో ఒక ఈతగాడికి అడుగున కనిపించిందట, మరుసటి ఏడాది జూలైలో పైకి తీశారు. నేరుగా ముక్కు దగ్గరికి వెళ్లాను. ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు. నాలుగూ వెనక్కి, దాదాపు ఒకే తీరున వంగి ఉన్నాయి, ఎండకు వాడిన పువ్వు రేకుల్లాగా. వాటిని తిన్నగా చేయలేదు. తలకిందులుగా నీళ్లలో పడ్డ విమానంలా కాకుండా, ఎవరో నెమ్మదిగా నీటి మీదికి దించినట్టుంది.

గోడ మీద ఆరుగురి ఫొటోలు. 1945 జూలై 24న జరిగిన పోరులో ఈ విమానపు దళం నుంచి తిరిగి రానివాళ్లు. ఈ విమానం వాళ్లలో ఎవరిదో తేలలేదు, కాక్‌పిట్‌లో ఎవరూ లేరు. పిల్లవాడు ఒక్కొక్క ఫొటో మీదా వేలు పెట్టి, ఈయనా, ఈయనా అని ఆరుసార్లు అడిగాడు.

నిక్కచ్చి | శనివారం, రాత్రి 10.20

బయటి రంగు తర్వాత వేసిందే కదా?

టోక్యో బాటసారి | శనివారం, రాత్రి 10.24

అవునండీ, తర్వాత వేసిందే.

నిక్కచ్చి | శనివారం, రాత్రి 10.41

సరే. ప్రొపెల్లర్‌ను అలాగే వదిలేశారు, అందుకు వాళ్లను ఏమీ అనను.

రేకుల మేస్త్రి | శనివారం, రాత్రి 11.02

రెక్కలు అలా ఒకే తీరున వెనక్కి వంగాయంటే, నీటిని తాకేసరికి ఇంజన్ బలం తగ్గించి నిదానంగా తిరగనిచ్చాడన్నమాట. కంగారుపడినవాడి పని కాదు అది.

మీరు పెట్టిన మూడో ఫొటోలో ప్రొపెల్లర్ రెక్క మొదలు చూద్దామంటే ఏదో అడ్డొచ్చింది. ఇంకోటి ఉంటే పెద్ద సైజులో పెట్టండి.

టోక్యో బాటసారి | శనివారం, రాత్రి 11.09

అది పిల్లవాడి వేలు. కెమెరాలో ఇంకో రెండున్నాయి, సోమవారం పెడతాను.